పెద్దబాపు పెట్టిన సున్నపు రాయి

మొన్న ఆదివారం మా మేనకోడలు, అంటే మా ఆయన అక్క కూతురు, పరకాల నుంచి వచ్చింది. లోపలికి వచ్చి ముందు కాళ్లు కడుక్కోమని నేను అరుస్తున్నా వినిపించుకోకుండా, మా గేటు పక్కనున్న రాయి మీద కూర్చుని, వెనక చెరువంతా పడేటట్టు ఫోను పైకెత్తి నాలుగు ఫొటోలు దిగింది. అందులో వింతేమీ లేదు. మా ఇంటికి వచ్చే చుట్టాలే కాదు, పొద్దున్నే నడకకని వచ్చే ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఆ రాయి మీదే కూర్చుని ఫొటోలు దిగుతారు. చిన్న పీటంత ఎత్తున, కూర్చోవడానికే పెట్టారా అన్నట్టు ఉంటుంది కాబట్టి వాళ్ల తప్పు కూడా లేదు. అది కూర్చోవడానికి పెట్టిన రాయి కాదని తెలిసినదాన్ని నేను. ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నదాన్నీ నేనే.

ఫొటోలయ్యాక బ్యాగులోంచి నున్నటి రంగుల కాగితం ఒకటి తీసి నా ముందు పరిచింది. మా చెరువు అవతలి ఒడ్డున కొత్తగా కడుతున్న ఇళ్ల బొమ్మ. అందులో నీళ్లు నీలంగా ఉన్నాయి. యాభై ఏళ్లకు పైగా చూస్తున్నాను, మా చెరువును ఎర్రగా చూశాను, ఆకుపచ్చగా చూశాను, మబ్బు పట్టినప్పుడు ఇనుము రంగులో చూశాను, ఆ నీలం మాత్రం ఎన్నడూ చూడలేదు. ఆ ముక్క అందామని నోరు తెరిచేలోగా పిల్ల నా మోకాలి మీద చెయ్యి వేసి అడిగింది.

"అత్తా, నువ్వు పుట్టి పెరిగిందే ఈ చెరువు మీద. తీసుకోవాల్నా వద్దా, ఒక్క మాట చెప్పు. నీ మాట మీదనే ఉన్న."

నాకు మాట తక్కువని ఇంతవరకు ఎవరూ అనలేదు. బస్సులో కండక్టర్లు, కాలేజీలో నా దగ్గర పౌరశాస్త్రం చదివిన పిల్లలు, మా అత్తగారి వైపు వాళ్లు, ఎవరినడిగినా చెప్తారు. అటువంటిదాన్ని, చాయ్ పెట్టుకొస్తానని చెప్పి వంటింట్లోకి పోయి, పాలు పొంగి పొయ్యి మీద పడేదాకా గోడవైపు తిరిగి నిలబడ్డాను. నీ మాట మీదనే ఉన్న. సరిగ్గా ఇదే మాట ఆ పిల్ల తల్లి నాతో అన్న రోజు నా కళ్ల ముందుకు వచ్చింది.

మా చెరువు పేరు రాయను. హసన్‌పర్తి వైపు ఉందని మాత్రం చెప్తాను. వరంగల్, హనుమకొండ చుట్టూ ఎన్ని చెరువులున్నాయో మీకు తెలుసు కదా, మీ ఇంటికి దగ్గరున్న దాని పేరు పెట్టుకుని చదువుకోండి, కథ సరిపోతుంది. సముద్రం ఉన్న ఊళ్లవాళ్లు మనల్ని చూసి నవ్వుతారు గానీ, చిన్న నగరంలో నీటి ఒడ్డున బతకడంలో ఉన్న సుఖం వాళ్లకేం తెలుసు? మే నెలలో ఊరంతా పెనంలా కాలిపోతుంటే, సాయంత్రం నాలుగు దాటగానే చెరువు మీది నుంచి తడిగుడ్డతో తుడిచినట్టు ఒక గాలి వస్తుంది. నీటికోళ్లు తెల్లవారకముందే తగవులాడుకోవడం మొదలుపెడతాయి, అలారం అక్కర్లేదు. కాలేజీ నుంచి సైకిలు తొక్కుకుంటూ పావుగంటలో కట్ట మీదికి చేరేదాన్ని, కట్ట కింద మిర్చి బజ్జీలు వేసే ఆమెకు మా బాపు ఎవరో, నేను ఏ క్లాసో, పోయిన పరీక్షలో ఎందులో తప్పానో కూడా తెలుసు. మృగశిర కార్తె, మా వైపు మిరుగం అంటాం, ఆ రోజు చేపల కోసం సగం హనుమకొండ మా కట్ట మీదే ఉండేది. చెరువున్న ఊళ్లో మనిషి ఒంటరిగా ఉండలేడు. ఇంటి తలుపు తీస్తే ఎదురుగా ఏదో ఒకటి కదులుతూ ఉంటుంది.

ఇదంతా నేను ఎంత బాగా చెప్పేదాన్నంటే, నా మాటలు విని మనసు పడనివాళ్లు లేరు. నా పాపం అక్కడే ఉంది.

మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, ఆ చెరువుకు నీరటి. ఇప్పటి పిల్లలకు ఆ మాటే తెలియదు. చెరువు నీళ్లు ఎప్పుడు వదలాలి, ఎవరి మడికి ఎంతసేపు పారాలి అన్నది చూసేవాడు నీరటి. తూము తెరవాలంటే చలికాలమైనా సరే నీళ్లలో మునిగి తెరవాలి. ఆయన చెవుల్లో ఎప్పుడూ నీళ్లు ఉండేవేమో, తల ఒక పక్కకు వంచి వినేవాడు. పొట్టిగా, నల్లగా, మెడలో తువ్వాలతో, మాట తక్కువ మనిషి. మా వంశానికి రావలసిన మాటలన్నీ నాకే వచ్చాయని మా అమ్మ అనేది.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఇది అన్ని చెరువుల దగ్గరా ఉన్న ఆచారమని చెప్పను, మా పెద్దబాపు సొంతమే అనుకుంటాను. చెరువు నిండి మత్తడి దూకిన రోజు, అంటే ఎక్కువైన నీళ్లు పక్కనున్న రాతి కట్టు మీది నుంచి పొర్లిపోయిన రోజు, ఊరివాళ్లంతా మత్తడి దగ్గర చేపలు పట్టుకుంటుంటే ఈయన మాత్రం అటు దిక్కు చూడకుండా ఒడ్డు వెంట నడిచేవాడు. నీళ్లు ఎంతవరకు వచ్చి ఆగాయో చూసి అక్కడక్కడా ఒక రాయి పాతి, చిప్పలో కలుపుకుపోయిన సున్నం ఈత కుంచెతో దానికి పూసేవాడు. ఆ రాళ్ల లోపలి నేలను శిఖం అంటారు. చెరువు నిండినప్పుడు నీళ్లు పరుచుకునే నేల, ఎండినప్పుడు ఎంత నున్నగా మైదానంలా కనబడినా అది నీళ్లదే. ఆ తర్వాత నీళ్లు వచ్చినా రాకపోయినా, ప్రతి మిరుగానికీ ఆ రాళ్లకు కొత్త సున్నం పడవలసిందే. చిన్నప్పుడు సున్నం చిప్ప పట్టుకుని ఆయన వెంట తిరిగింది నేనే. ఎందుకు పెద్దబాపూ ఇదంతా అని అడిగితే, మనం ఇంటికి గడప పెట్టుకోమా, ఇది నీళ్లకు గడప అనేవాడు. చెయ్యి నిండా సున్నం అంటి మంట పుడితే చెరువులోనే కడిగేవాడు.

తరువాత చదువుకున్నాను. డిగ్రీ, దాని మీద ఇంకో డిగ్రీ, దాంతో పాటు నాలుక. కాలేజీలో పరిచయమైన కాశిబుగ్గ పద్మశాలీల అబ్బాయిని పెళ్లి చేసుకుంటానని రెండు ఇళ్లవాళ్లతోనూ ఏడాది పొడవునా వాదించాను. వాదించి గెలిచాననే చెప్పుకుంటాను గానీ, నిజానికి ఆ ఇంట్లో నా తరఫున మాట్లాడినామె ఒక్కతే ఉంది. మా ఆయన అక్క, మా వదినె. అందరూ మూతులు ముడుచుకుని కూర్చున్నప్పుడు ఆమె మగ్గం దగ్గర నుంచే, చేతిలో పని ఆపకుండా, ఈ పిల్ల మన ఇంటికొస్తే మనకు ఇక రేడియో అక్కర్లేదు, తీసుకురండి అన్నదట. పెళ్లికి ఆమె నేసి ఇచ్చిన ఎర్ర అంచు షత్రంజీ ఇవాళటికీ మా ముందు గదిలో పరిచి ఉంది.

వదినె గుంట మగ్గం మీద నేసేది. నేలలో నడుములోతు గుంట తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్లు గుంటలోకి వేసి కర్రలు తొక్కుతూ నేసే మగ్గం అది. కాశిబుగ్గ గల్లీలో రెండు గదుల అద్దె ఇల్లు, ఒక గదంతా మగ్గమే. నేనూ మా ఆయనా మా బాపు ఇచ్చిన మెట్ట చెలకలో, చెరువుకు కాస్త ఎత్తున, ఈ ఇల్లు కట్టుకున్నాక, ఆమె పిల్లలను తీసుకుని ఆదివారాలు వచ్చేది. వచ్చినప్పుడల్లా వాకిట్లో కూర్చుని నీళ్లకేసి చూస్తూ, ఇంత వెలుగుంటే అంచు ఎంత బాగా వస్తదో అనేది. నాకు ఆ మాట చాలు. ఆమెను ఇక్కడికి తెచ్చుకోవాలని పట్టుబట్టాను. ప్రేమే, కాదనను. కానీ పొద్దస్తమానం కాలేజీ పిల్లల మీద అరిచి ఇంటికొస్తే మాట్లాడే మనిషి లేని నా బాధ కూడా అందులో ఉంది. నేను ఎంచుకున్న చోటే గొప్పదని అత్తగారి వైపు వాళ్లకు చూపించాలన్న పొగరు కూడా ఉంది.

అవి వానలు మొహం చాటేసిన సంవత్సరాలు. చెరువు నడిబొడ్డున పిల్లలు క్రికెట్ ఆడేవాళ్లు, మూలన గుంటెడు నీళ్లలో బర్రెలు పడుకునేవి. మా ఇంటికి దిగువన, చెరువు వైపు, ఎవరో ముగ్గులు పోసినట్టు సున్నపు గీతలు గీసి ప్లాట్లు చేశారు. వాటిని చూసిన మరునాడే పెద్దబాపు నాలుగు మడతలు పెట్టిన తెల్లకాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అప్పటికి ఆయనకు కొలువు లేదు. మడులే లేకపోతే నీరటి ఎందుకు? అయినా రోజూ చెరువు చుట్టి వచ్చేవాడు. జర ఒక అర్జీ రాసిపెట్టు బిడ్డా, ఇది శిఖం, ఇండ్లు కట్టొద్దని రాయి, వేలిముద్ర నేనేస్త అన్నాడు.

ఒక పేజీ రాయడానికి నాకెంతసేపు? రాయలేదు. దానికి బదులు ఉపన్యాసం ఇచ్చాను. ఊరు పెరగొద్దా, జనం ఉండొద్దా, ఆ నీళ్లు మళ్లీ అంత దూరం వచ్చేది లేదు చచ్చేది లేదు, ఆఫీసుల్లో ఉన్నవాళ్లకు తెలియనిది నీకు తెలిసిందా, ఇలా చాలా. ఆయన ఒక చెవి నా వైపు తిప్పి అంతా విన్నాడు. వాదించని మనిషితో వాదించడం ఎంత చిరాకో మీకు తెలుసు కదా. చివరికి ఆ చిరాకులోనే అన్నాను.

"నీ నీరటి కొలువు ఎన్నడో పోయింది పెద్దబాపూ. ఇంకా రాళ్లకు సున్నం పూసుకుంట తిరుగుతవేంది, నలుగురు నవ్వుతాండ్రు."

ఆయన కాగితాన్ని మళ్లీ అవే మడతల మీద మడిచి రొండిన దోపుకుని పోయాడు. చాయ్ తాగి పొమ్మన్నాను గానీ వినబడలేదేమో. వినబడలేదనే అనుకున్నాను అప్పుడు.

మిరుగం వెళ్లిన రెండు మూడు రోజులకు వదినెను ప్లాటు చూడడానికి పిలిచాను. మా ప్రహరీకి అటువైపు, చెరువుకు ఎదురుగా ఉన్న ముక్క. ఆమె చెప్పులు విప్పి, మట్టి మెత్తగా ఉందో గట్టిగా ఉందో చూస్తూ నాలుగు మూలలా నడిచింది. మగ్గం ఎక్కడ వస్తుంది, కిటికీ ఎటు ఉండాలి, పడుగు దారాలు సాగదీయడానికి వాకిట్లో ఎంత చోటు మిగులుతుంది అని గాలిలోనే చేత్తో కొలుచుకుంటోంది. అలా నడుస్తూ పై మూలకు వచ్చి ఆగింది. అక్కడ పెద్దబాపు రాయి ఉంది. ఆ ప్లాటంతా ఆ రాయికి లోపల, నీళ్ల వైపు ఉంది. వదినె వంగి దాని మీద అరచెయ్యి పెట్టి, ఇదేంది పిల్లా అని అడిగింది.

పెద్దబాపు మాకు పది అడుగుల దూరంలో ఉన్నాడు. రోజూ తిరిగే తిరుగుడే, మమ్మల్ని చూసి నిలబడ్డాడు. ఆ రాయి ఏమిటో ఈ భూమి మీద తెలిసినవాళ్లం ఇద్దరమే, ఆయనా నేనూ. ఆ చిప్ప పట్టుకుని తిరిగిన చేతులు ఇవే. నిజం చెప్తే వదినె వెనక్కి పోయి కాశిబుగ్గ గల్లీలోనే ఇంకో ఇల్లు చూసుకుంటుంది, మొన్ననే పెద్దబాపు మీద అంత ఎత్తున అరిచిన నేను ఆయన ముందే ఓడిపోతాను. ఇంత లెక్క ఆలోచించడానికి రెప్పపాటు కూడా పట్టలేదు.

"ఏం లేదు వదినె, పాత హద్దురాయి."

అంతే. నా జీవితంలో ఎన్నో పెద్ద పెద్ద వాదాలు చేశాను, అన్నిటికంటే చిన్న వాక్యం అదే. వదినె చెయ్యి తీసుకుంది. వేళ్లకు తెల్లగా అంటింది, కొంగుకు తుడుచుకుంది. తరువాత, మర్యాద కోసం కాబోలు, పెద్దబాపు వైపు తిరిగి, మీరేమంటరు పెద్దయ్యా అని అడిగింది. ఆయన నా మొహంలోకి చూశాడు. కోపమేమీ లేదు. తూము తెరవడానికి మునగబోయే ముందు ఊపిరి పట్టేవాడే, అట్లా ఒక్క క్షణం ఆగాడు.

"బిడ్డ చెప్పింది గదా" అన్నాడు.

అని వెళ్లిపోయాడు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి నీళ్ల గురించి ఒక్క అబద్ధం ఆడని మనిషి, కొత్త చుట్టం ముందు తమ్ముని కూతురినైన నా పరువు పోకూడదని, తన రాయిని తానే కాదనుకున్నాడు. వదినె నా భుజం మీద చెయ్యి వేసి, నాకేం తెలుస్తది పిల్లా, నీ మాట మీదనే ఉన్న అన్నది.

ఇల్లు లేచింది. మేస్త్రీ ఆ రాయిని పెకలించి పునాదిలో వేశాడు. ఆ తరువాతి మూడేళ్లు ఎంత బాగున్నాయో చెప్పకపోతే అదీ అబద్ధమే అవుతుంది. పొద్దున్నే వదినె మగ్గం చప్పుడు, అటువైపు నీటికోళ్ల చప్పుడు. ప్రహరీ మీది నుంచి గిన్నెలు అటూ ఇటూ మారేవి. సాయంత్రాలు ఇద్దరం గాలికి కూర్చుని ఊళ్లోవాళ్లందరినీ వరుసపెట్టి ఉతికి ఆరేసేవాళ్లం. నాకంటే ఆమె నాలుకే పదునని ఆ మూడేళ్లలోనే తెలిసింది. నా వంట తిని, పర్వాలేదు పిల్లా, చెరువు గాలికి ఏదైనా లోపలికి పోతది అనేది. ఆమె కూతురు, ఇప్పుడు కాగితం పట్టుకొచ్చిన ఈ పిల్లే, చెరువులో ఈత నేర్చుకుంది. నేర్పింది పెద్దబాపే. వాళ్ల ఇంటికి వచ్చేవాడు, వాకిట్లో కూర్చునేవాడు, ఇచ్చింది తాగేవాడు. ఆ ఇంటి గడప మాత్రం ఎన్నడూ దాటలేదని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

నాలుగో ఏడు వానలు కుదురుగా పట్టుకున్నాయి. పై చెరువులన్నీ నిండి ఒకదాని మీద ఒకటి దూకుతూ మా చెరువులోకి వచ్చాయి. ఊరంతా సంతోషం, చాలా ఏండ్లకు చెరువు నిండుతాందని కట్ట మీద జాతర. నేను కూడా గొడుగు వేసుకుని పోయి చూసి మురిసిపోయాను. మా వదినె మగ్గం గుంటలో అప్పటికే బెత్తెడు నీళ్లు ఊరాయని, ఆమె రోజూ పొద్దున లేచి చెంబుతో తోడిపోస్తోందని, మూడు రోజులపాటు నాకు చెప్పలేదు. చెప్తే నేను నొచ్చుకుంటానని. తడి కర్రల మీద కాళ్లు పెట్టి నేస్తూనే ఉంది. ఎవరికో పెళ్లికి ఇవ్వవలసిన షత్రంజీ సగం మీద ఉంది.

నాలుగో రోజు పొద్దున నేను చాయ్ గిన్నె ప్రహరీ మీద పెట్టి పిలిస్తే పలుకు లేదు. వంగి చూస్తే అటువైపు నేల లేదు, నీళ్లు. పరుగెత్తి గుమ్మంలోకి పోయేసరికి వదినె మోకాళ్ల లోతులో నిలబడి పడుగును కత్తిరిస్తోంది. మగ్గం మీదున్న పడుగును నేత మనిషి తన చేత్తో కత్తిరించడం అంటే ఏమిటో నేతవాళ్ల ఇంటి కోడలిని గనక నాకు తెలుసు. నేసిన సగం చుట్ట నీళ్లలో మునిగి రంగు దిగింది, ఆమె కాళ్ల చుట్టూ నీళ్లు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి, నువ్వు రాకు పిల్లా, జారుతది అన్నది.

పెద్దబాపు అప్పటికే లోపల ఉన్నాడు. మొదటిసారి ఆ గడప దాటాడు. ఆ వయసులో నూలు కట్టలు నెత్తి మీద పెట్టుకుని మా ఇంటికీ ఆ ఇంటికీ ఎన్నిసార్లు తిరిగాడో లెక్కలేదు. మధ్యాహ్నానికి నీళ్లు మా గేటు దాకా వచ్చి, గేటుకు మూరెడు దూరంలో ఆగాయి. అందరం మా వాకిట్లో తడిసిన సామాన్ల మధ్య కూర్చుని ఉంటే ఆయన కనబడలేదు. కాసేపటికి ఎక్కడి నుంచో ఈ రాయిని గుండెలకు ఆనించుకుని, ఆగుతూ ఆగుతూ మోసుకొచ్చాడు. నీళ్లు ఆగినచోట, మా గేటు పక్కన పాతాడు. రొండి నుంచి సున్నం డబ్బా తీసి వేలితో పూశాడు. వాన ఇంకా పడుతూనే ఉంది, పూసిన సున్నం పూసినట్టే కారిపోతోంది, ఆయన మళ్లీ పూస్తున్నాడు. నేను గేటు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. నేను చెప్పలేదా అని ఆయన ఒక్క మాట అన్నా నేను బతికిపోయేదాన్ని. తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని, నాకు వాదన దొరికేది. ఆయన చెయ్యి కడుక్కుని పోయాడు. ఆ తరువాత రెండేళ్లకు కాలం చేశాడు. ఆ రెండేళ్లలో నేను ఆయనకు పండ్లు తెచ్చి ఇచ్చాను, దవాఖానకు తీసుకుపోయాను, కొత్త పంచెలు కొన్నాను. ఇవ్వవలసిన మాట మాత్రం ఇవ్వలేదు.

నీళ్లు తీశాక గోడలు నెర్రెలిచ్చాయి. వదినె వాళ్లు పరకాలలో ఆమె భర్త తరఫు చుట్టాల ఇంటి పై అంతస్తుకు మారిపోయారు. మేడ మీద గుంట ఎట్లా తవ్వుతారు? మగ్గం కర్రలు కొన్నాళ్లు మా వెనక వరండాలో ఉన్నాయి, తరువాత చెదలు పట్టాయి. వదినె బట్టల దుకాణంలో కూర్చుని ఇతరులు నేసిన వాటిని మడతలు పెట్టే పనిలో కుదిరింది. కలిసినప్పుడు బాగానే మాట్లాడుతుంది, నా వంటను ఇప్పటికీ వెక్కిరిస్తుంది. మా ఇంటికి వచ్చినప్పుడు మాత్రం చెరువు వైపు వీపు పెట్టి కూర్చుంటుంది. అందరూ దాన్ని గ్రహచారం అన్నారు, నేనూ అవునన్నాను.

చాయ్ తెచ్చి పెట్టి, నిలబడే, ఇదంతా మేనకోడలికి చెప్పాను. ఆ పిల్ల కూర్చున్న రాయి ఏమిటో, అంతకు ముందు ఆ మూలనున్న రాయి ఏమిటో, నేను ఏమన్నానో. పిల్ల కప్పు పట్టుకుని వింది. తిడుతుందనుకున్నాను, నా మేనకోడలు కదా. తిట్టలేదు. ఆ మూడేళ్లే అత్తా నాకు యాదికున్నయి, నీళ్లొచ్చింది కాదు, అందుకే ఇక్కడ ఇల్లు కావాలనుకున్న అన్నది. అని ఫోను తీసి తల్లికి కలిపి నా చేతిలో పెట్టింది.

పిల్లకు చెప్పినంత సులువుగా తల్లికి చెప్పలేకపోయాను. ముందు వానల గురించి మాట్లాడాను, మోకాళ్ల గురించి మాట్లాడాను. ఆఖరికి, ఆ రోజు అది హద్దురాయి కాదు వదినె, నాకు తెలిసే చెప్పిన అన్నాను. అటువైపు దుకాణంలో ఎవరో గుడ్డ చింపుతున్న చప్పుడు వినిపించింది.

"నాకెరికే పిల్లా" అన్నది వదినె. "పాత హద్దురాయికి పచ్చి సున్నం ఎందుకుంటది? చేతికంటింది గదా. రాయి కంటే నీ మాటే పెద్దదనుకున్న."

అంత నెమ్మదిగా అన్నది, మామూలుగా ఆమె నా కూరకు వంక పెట్టేంత నెమ్మదిగా. ఆ వెంటనే, బేరం వచ్చిందే, మల్ల చేస్త అని పెట్టేసింది. ఇన్నేళ్లు నేను దాచిపెట్టానని అనుకున్నది ఆమె కొంగున తుడుచుకున్న రోజే ఆమెకు తెలుసు. నన్ను నమ్మడానికి ఆమె తన చేతిని కాదనుకుంది.

పిల్ల ఆ రంగుల కాగితాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుంది. తీసుకుంటుందో లేదో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. అవతలి ఒడ్డున నీళ్లు ఎంతవరకు వస్తాయో నాకు తెలియదని మాత్రం చెప్పాను. నిజంగానే తెలియదు. ఆయన వెంట అటువైపు కూడా నడిచాను గానీ, అప్పుడు నా చూపు చిప్పలో సున్నం ఒలికిపోకుండా చూసుకోవడం మీదే ఉండేది.

ఇప్పుడు మా చెరువు చుట్టూ నడకదారి వేశారు, రెయిలింగు పెట్టారు, రంగు దీపాలు పెట్టారు. వరంగల్ ఎంత మారిపోయిందో, ఇక్కడ ఉండడం ఎంత అదృష్టమో అని కొత్తగా వచ్చినవాళ్లు అంటుంటే ఒకప్పుడు అందరికంటే ముందు తల ఊపేదాన్ని. చెరువు అందం గురించి చెప్పేవాళ్లు మా కాలంలో ఇంతమంది లేరు, ఆ అవసరమే రాలేదు. నీళ్లు ఏ గుంట దాకా వస్తాయో తెలిసిన మనిషి ఒక్కడుండేవాడు, ఊరంతా ఆ ఒక్కడి మీద భరోసా పెట్టుకుని హాయిగా ఉండేది. ఇప్పుడు చెరువును చూసేవాళ్లు వేలమంది, దాని గడప ఎరిగినవాళ్లు లేరు. ఉన్న ఒక్కదాన్ని, నేను అబద్ధమాడాను.

ఈ మిరుగానికి కట్ట కింద పాన్ డబ్బా నుంచి సున్నం తెచ్చి, చిప్పలో కలిపి, గేటు పక్క రాయికి నా చేత్తోనే పూశాను. కుంచె దొరకలేదు, వేలితోనే. రెండు రోజులు చెయ్యి మండింది. నడకకు వచ్చేవాళ్లు అలవాటుకొద్దీ దాని మీద కూర్చుని లేచి, వెనక తెల్లగా అయిందని దులుపుకుంటూ, ఎవరీ పిచ్చిపని చేసింది అని మా ఇంటి వైపు చూసి విసుక్కుంటున్నారు. వరండాలో కూర్చుని వింటున్నాను, ఒక్కరికీ ఎదురు చెప్పడం లేదు. సున్నం అంటనీ అనుకుంటున్నాను.